నియాసిన్: అంకెలు మారాయి, గుండెపోట్లు తగ్గలేదు

చెన్నైలో మాస్టర్ హెల్త్ చెకప్ రిపోర్టు ఇంటికి వచ్చిన సాయంత్రం అందరి కళ్లూ ముందు షుగర్ మీద పడతాయి, తర్వాత లిపిడ్ ప్రొఫైల్ మీద. అక్కడ హెచ్‌డీఎల్ ఎదురుగా 34 అనో 36 అనో ఉంటుంది, పక్కన తక్కువ అని గుర్తు. “మంచి కొలెస్ట్రాలే తక్కువట” అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే పెరంబూరు బాబాయి నుంచో, డాలస్‌లో ఉన్న మేనకోడలి నుంచో నియాసిన్ పేరు వచ్చి పడుతుంది. విటమినే కదా, వేసుకుంటే పోయేదేముంది అంటారు.

పోయేది ఉంది. అది తేలడానికి వైద్య పరిశోధనకు దాదాపు 60 ఏళ్లు పట్టింది. ఈలోగా నియాసిన్ ఒక విటమిన్‌గా, ఒక గుండె మందుగా, ఇప్పుడు వయసు తగ్గించే మాత్రల ముడిసరుకుగా మూడు అవతారాలు ఎత్తింది. ఒక అవతారంలో నిజమైనది ఇంకో అవతారానికి వర్తించదు. గందరగోళమంతా అక్కడే ఉంది.

హెచ్‌డీఎల్ తక్కువని రిపోర్టు వచ్చిందంటే మీరు ఒంటరి కాదు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ ముందుండి నడిపిన ఇండియాబ్ సర్వేలో తమిళనాడుతో సహా నాలుగు ప్రాంతాల్లో పెద్దవాళ్ల రక్తం పరీక్షించారు. 72 శాతం మందికి హెచ్‌డీఎల్ ఉండాల్సిన దానికంటే తక్కువే. ఈ ఫలితం 2014లో అచ్చయింది. కాబట్టి మనవాళ్లకు హెచ్‌డీఎల్ పెంచే మందు అనగానే ఆశ పుట్టడం సహజం.

ముందు విటమిన్ సంగతి. నియాసిన్ అంటే బీ3. ఆ ఒక్క పేరు కింద రెండు పదార్థాలు ఉన్నాయి: నికోటినిక్ యాసిడ్, నికోటినమైడ్. విటమిన్‌గా రెండూ ఒకే పని చేస్తాయి. రెండిటి నుంచీ ఒళ్లు ఎన్‌ఏడీ అనే అణువును తయారు చేసుకుంటుంది. తిన్న అన్నం, పప్పు, నూనె కణాల్లో విడిపోయేటప్పుడు బయటపడే ఎలక్ట్రాన్లను మోసేది ఈ ఎన్‌ఏడీయే. ఎండాకాలంలో మన వీధుల్లో తిరిగే మెట్రో వాటర్ లారీ లాంటిది అనుకోండి. ఒకచోట నింపుకుంటుంది, కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియా దగ్గర దించుతుంది, ఖాళీగా వెనక్కి వచ్చి మళ్లీ నింపుకుంటుంది. లారీలు కొన్నే, ట్రిప్పులు లెక్కలేనన్ని. అందుకే రోజుకు 15 మిల్లీగ్రాముల చుట్టుపక్కల నియాసిన్ అందితే పెద్దవాళ్లకు సరిపోతుంది.

అది దించిన ఎలక్ట్రాన్ల శక్తితోనే ఏటీపీ, అంటే కణాలు ఖర్చు పెట్టుకునే శక్తి అణువు, తయారవుతుంది. కండరాల్లో ఏటీపీని 1929లో గుర్తించినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. భీమవరంలో పుట్టి, మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి చేసిన పని అది. సెంట్రల్ స్టేషన్ ఎదుట ఆ కాలేజీ మీదుగా రోజూ వెళ్లే తెలుగువాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసో గానీ, జీవక్రియల గురించి ఏ పుస్తకం తెరిచినా ఆయన కనిపెట్టిన దాన్ని దాటుకుని పోలేం.

నియాసిన్ తిండిలోంచి నేరుగా రావడమే కాదు, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఒళ్లు సొంతంగా కూడా చేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నియాసిన్ లెక్క. ఆ తయారీకి విటమిన్ బీ6 కావాలి. పల్లీలు, చికెన్, చేపలు, పప్పులు అన్నిటిలోనూ నియాసిన్ గానీ ట్రిప్టోఫాన్ గానీ తగినంత ఉంటుంది. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో తగ్గిపోతుంది, ఉప్పుడు బియ్యంలో ఎక్కువ మిగులుతుంది. ఫిల్టర్ కాఫీలో కూడా కొంత ఉంది. కాఫీ గింజల్లోని ట్రైగొనెల్లిన్ వేయించేటప్పుడు నికోటినిక్ యాసిడ్‌గా మారుతుంది. దీన్ని చూపించి మూడో గ్లాసు అడిగితే ఇంట్లో ఒప్పుకుంటారని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

ఇది బొత్తిగా అందకపోతే వచ్చే రోగం పెల్లాగ్రా. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు రేగడం, విరేచనాలు, మతి చెడటం, చివరికి చావు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మొక్కజొన్న మీదే బతికే పేదల్లో ఇది వేల ప్రాణాలు తీసింది. అంటురోగం కాదు, తిండి లోపమని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1915లో మిసిసిపీ జైలు ఖైదీలకు ఆ తిండే పెట్టి, రోగం తెప్పించి మరీ చూపించాడు. ఆ లోపించేది నికోటినిక్ యాసిడేనని 1937లో కాన్రాడ్ ఎల్వెహెం తేల్చాడు.

మన దగ్గర మొక్కజొన్న కాదు, జొన్న. దక్కన్‌లో జొన్న ప్రధానాహారంగా బతికే పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. జొన్నలో నియాసిన్ మరీ తక్కువేం కాదు, ట్రిప్టోఫాన్ కూడా మొక్కజొన్నలో కన్నా నయం. మరి రోగం ఎందుకు? సేలంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియాతో కలిసి హైదరాబాద్‌లో దీని వెంట పడ్డారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే దారిని చెడగొడుతోందని 1960లో ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి, కొన్ని ప్రయోగశాలల్లో ఆ ఫలితం తిరిగి రాలేదు. ఇప్పుడు ఆరోగ్యం కోసం రాత్రిపూట జొన్నరొట్టె తినేవాళ్లు దీన్ని చదివి టెన్షన్ పడాల్సిన పనిలేదు. పప్పు, పెరుగు, కూర పక్కన ఉన్న జొన్నరొట్టె వేరు, మూడు పూటలా జొన్న తప్ప ఇంకేమీ లేని పళ్లెం వేరు.

ఇక్కడిదాకా మిల్లీగ్రాముల వ్యవహారం. రెండో అవతారం గ్రాముల్లో మొదలవుతుంది.

1955లో కెనడాలోని సస్కచ్వాన్‌లో రుడాల్ఫ్ ఆల్ట్‌షుల్, ఎబ్రమ్ హాఫర్, జె.డి. స్టీఫెన్ అనే ముగ్గురు నికోటినిక్ యాసిడ్‌ను గ్రాముల మోతాదులో ఇస్తే రక్తంలో కొలెస్ట్రాల్ పడిపోతోందని ప్రకటించారు. మూడు గ్రాములంటే ఒంటికి రోజూ కావాల్సిన దానికి 200 రెట్లు. ఆ మోతాదులో అది విటమిన్ కాదు, మందు. ఇప్పుడు కొలెస్ట్రాల్‌కి ఎక్కువగా రాసే స్టాటిన్ మందులు అప్పటికి లేవు, మొదటి స్టాటిన్ మార్కెట్లోకి వచ్చింది 1987లో. కాబట్టి నియాసిన్ కొలెస్ట్రాల్ మందుల్లో తొలి తరానిది. పని చేసేది నికోటినిక్ యాసిడ్ ఒక్కటే. నికోటినమైడ్ ఎన్ని గ్రాములు మింగినా కొలెస్ట్రాల్ కదలదు. ముఖం మండదని చెప్పి అమ్మే ‘ఫ్లష్ ఫ్రీ’ నియాసిన్ మాత్రల్లో చాలావరకు ఉండేది ఇనోసిటాల్ హెక్సానికోటినేట్. అందులోంచి నికోటినిక్ యాసిడ్ రక్తంలోకి నామమాత్రంగానే వస్తుంది, కాబట్టి కొలెస్ట్రాల్ మీదా దాని ప్రభావం అంతంతమాత్రమే.

ఒంట్లో అసలేం జరుగుతుందో చూద్దాం, ఎందుకంటే తర్వాతి మలుపులన్నిటికీ తాళంచెవి ఇక్కడే ఉంది. కొవ్వు కణాల మీద జీపీఆర్109ఏ అనే గ్రాహకం (రిసెప్టర్) ఉంది. 2003లో మూడు బృందాలు విడివిడిగా దీన్ని గుర్తించాయి. నికోటినిక్ యాసిడ్ వచ్చి దీన్ని నొక్కితే, కొవ్వు కణం తన నిల్వను కరిగించి రక్తంలోకి వదలడం ఆపేస్తుంది. గంటలోపే రక్తంలో ఫ్యాటీ యాసిడ్లు పడిపోతాయి. ముడిసరుకు తగ్గితే లివర్ ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వును తక్కువ చేస్తుంది, దాంతో చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ కూడా తగ్గుతుంది. పుస్తకాలు చాలాకాలం చెప్పిన లెక్క ఇదే.

ప్రకృతి ఆ గ్రాహకాన్ని మాత్రల కంపెనీల కోసం పెట్టలేదు. దాని సహజమైన మీట బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్. ఏకాదశికి కటిక ఉపవాసం ఉన్నప్పుడు లివర్ తయారుచేసే కీటోన్ అది. ఉపవాసంలో కొవ్వు మరీ వేగంగా కరిగి అయిపోకుండా ఆ కీటోనే వెనక్కి వచ్చి కొవ్వు కణానికి నెమ్మది అని చెబుతుంది. నికోటినిక్ యాసిడ్ అదే మీటను గ్రాముల బరువుతో నొక్కుతుంది.

ఈ గ్రాహకమే చర్మంలోని కణాల మీద కూడా ఉంది. అక్కడ నొక్కితే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలై రక్తనాళాలు వెడల్పవుతాయి. మాత్ర వేసుకున్న పావుగంటకో అరగంటకో ముఖం, చెవులు, మెడ ఎర్రబడి భగ్గుమని మండటం దీనివల్లే. ప్రాణాంతకం కాదు గానీ, మార్కెటింగ్‌కి మాత్రం ప్రాణాంతకమైంది. చాలామంది దీంతోనే మందు మానేశారు. ముందుగా ఆస్పిరిన్ వేసుకుంటే మంట కొంత తగ్గుతుంది.

అయితే పుస్తకాల లెక్క కూడా పూర్తిగా నిలవలేదు. ఆ గ్రాహకాన్ని మాత్రమే నొక్కే వేరే మందును మనుషులకు ఇచ్చి చూస్తే ఫ్యాటీ యాసిడ్లు తగ్గాయి, కానీ ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అనుకున్నట్టు కదల్లేదని 2012లో తేలింది. అంటే కొలెస్ట్రాల్ మీద నియాసిన్ ప్రభావానికి దారి ఇంకోటి ఉంది. లివర్‌లో ట్రైగ్లిజరైడ్లు కట్టే ఒక ఎంజైమును అది అడ్డుకుంటుందన్నది బలమైన వివరణల్లో ఒకటి. మందు పుట్టి యాభై ఏళ్లు దాటాక కూడా అది ఎలా పనిచేస్తోందో చర్చ జరుగుతూనే ఉంది.

పనిచేయడం మాత్రం కళ్లకు కనిపించేది. ట్రైగ్లిజరైడ్లు 20 నుంచి 50 శాతం తగ్గేవి, ఎల్‌డీఎల్ 10 నుంచి 20 శాతం తగ్గేది, హెచ్‌డీఎల్ 15 నుంచి 35 శాతం పెరిగేది. హెచ్‌డీఎల్‌ను ఇంతగా పెంచిన మాత్ర ఆ రోజుల్లో ఇంకోటి లేదు. 1975లో అమెరికా నుంచి కొరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్ ఫలితాలు వచ్చాయి. ఒకసారి గుండెపోటు వచ్చి బతికిన మగవాళ్లకు రోజుకు మూడు గ్రాముల నియాసిన్ ఇస్తే, ప్రాణం తీయని రెండో గుండెపోట్లు నాలుగో వంతు పైగా తగ్గాయి. మరణాలు తగ్గలేదు. కానీ 15 ఏళ్ల తర్వాత లెక్క తీస్తే, నియాసిన్ తీసుకున్న గుంపులో మరణాలు 11 శాతం తక్కువ కనిపించాయి. ఈ రెండో లెక్కే దశాబ్దాల పాటు డాక్టర్లకు ధైర్యం ఇచ్చింది.

తర్వాత స్టాటిన్లు వచ్చి ఎల్‌డీఎల్‌ను ఇంకా బాగా దించాయి. అయినా స్టాటిన్ వేసుకున్నవాళ్లకు కూడా గుండెపోట్లు వస్తున్నాయి కదా, మిగిలిన ఆ ప్రమాదానికి కారణం తక్కువ హెచ్‌డీఎలేమో, దాన్ని నియాసిన్‌తో పెంచితే సరి అనుకున్నారు. చూడ్డానికి చక్కని తర్కం. “ఏరా, మంచిది పెరిగితే మంచిదే కదా” అని మా మేనమామ అడిగేది కూడా ఇదే. పెద్ద పెద్ద కార్డియాలజిస్టులు కూడా అప్పట్లో అలాగే అనుకున్నారని చెబితే ఆయన సంతోషిస్తాడు.

దాన్ని పరీక్షించింది ఎయిమ్-హై అనే ట్రయల్. 3,414 మంది గుండె రోగులు, అందరికీ స్టాటిన్, సగం మందికి అదనంగా నెమ్మదిగా విడుదలయ్యే నియాసిన్ ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు. హెచ్‌డీఎల్ 35 నుంచి 42కి ఎగబాకింది. ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. ల్యాబ్ షీటు చూస్తే పండగే. గుండెపోట్లు, స్ట్రోకుల లాంటివి మాత్రం నియాసిన్ వైపు 16.4 శాతం, రెండో వైపు 16.2 శాతం. ఇక లాభం కనిపించే అవకాశం లేదని 2011లో మధ్యలోనే ఆపేశారు.

ట్రయల్ చిన్నదని కొందరు ఒప్పుకోలేదు. న్యాయమైన అభ్యంతరమే. దానికి జవాబుగా హెచ్‌పీఎస్2-థ్రైవ్ వచ్చింది. బ్రిటన్, స్కాండినేవియా, చైనాల నుంచి 25,673 మంది, దాదాపు నాలుగేళ్లు. రెండు గ్రాముల నియాసిన్‌తో పాటు ముఖం మండకుండా లారోపిప్రాంట్ అనే మందు. ఫలితం 2014లో పూర్తిగా అచ్చయింది: గుండెపోట్లు, స్ట్రోకుల లాంటివి నియాసిన్ వైపు 13.2 శాతం, రెండో వైపు 13.7 శాతం. తేడా యాదృచ్ఛికం కన్నా ఎక్కువ కాదు. దుష్ఫలితాలు మాత్రం యాదృచ్ఛికం కాదు. అప్పటికే షుగర్ ఉన్నవాళ్లలో అది తీవ్రంగా అదుపు తప్పిన కేసులు వందకు దాదాపు నాలుగు అదనం. కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు వందకు ఒకరి కన్నా కాస్త ఎక్కువ అదనం. కడుపు సమస్యలు, ఇన్ఫెక్షన్లు, రక్తస్రావం కూడా ఎక్కువే. ఆ జంట మందును 2013 జనవరిలోనే కంపెనీ ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. స్టాటిన్‌తో కలిపి నియాసిన్ వాడటానికి ఇచ్చిన అనుమతిని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో రద్దు చేసింది.

1975 నాటి లాభం ఏమైనట్టు మరి? ఆ రోజుల్లో రోగులకు స్టాటిన్ లేదు, నియాసిన్ తగ్గించిన ఎల్‌డీఎల్ వల్లే ఆ లాభం వచ్చి ఉండొచ్చు. ఎల్‌డీఎల్‌ను స్టాటిన్ ముందే దించేసిన ఒంట్లో నియాసిన్‌కి చేయడానికి మిగిలింది కొంచెమే. హెచ్‌డీఎల్ విషయానికొస్తే, పుట్టుకతోనే జన్యువుల వల్ల అది కాస్త ఎక్కువగా ఉన్నవాళ్లకు గుండెపోట్లు తక్కువ రావడం లేదని 2012లో ఒక పెద్ద జన్యు అధ్యయనం చూపించింది. అంతకుముందే 2006లో టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను 70 శాతం దాకా పెంచి, మరణాలు కూడా పెంచి ఆగిపోయింది. హెచ్‌డీఎల్ తక్కువ ఉండటం పొట్ట కొవ్వుకి, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి, కూర్చుని చేసే ఉద్యోగానికి గుర్తు. ఆ గుర్తును చెరిపేస్తే దాని వెనకున్నది పోదు. వైద్య పరిశోధన ఇంత డబ్బు పోసి కొనుక్కున్న పాఠాలు తక్కువ అని నా అభిప్రాయం, అయినా ల్యాబ్ రిపోర్టుల మీద ‘మంచి కొలెస్ట్రాల్’ అనే లేబుల్ ఇంకా అలాగే ఉంది.

చెన్నైవాళ్లకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది షుగర్ సంగతి. ఇండియాబ్ 2023 లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప మీద ఉన్నారు. నియాసిన్ షుగర్‌ను ఎందుకు పెంచుతుంది? కొవ్వు కణాన్ని మూసిపెట్టిన ప్రభావం కొన్ని గంటలే. మందు దిగిపోగానే కొవ్వు కణం అంతకుముందుకన్నా ఎక్కువగా ఫ్యాటీ యాసిడ్లను వదులుతుంది. ఆ వరదలో కండరాలు గ్లూకోజును పక్కన పెట్టి కొవ్వును కాలుస్తాయి, ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. క్లోమం ఎక్కువ ఇన్సులిన్ వదిలి సర్దుకోగలిగితే సరే. ఆ శక్తి అప్పటికే తగ్గినవాళ్లకు ఫాస్టింగ్ షుగర్ పెరుగుతుంది. 11 ట్రయళ్లలోని 26 వేల మందికి పైగా వివరాలను 2016లో కలిపి చూస్తే, నియాసిన్ తీసుకున్నవాళ్లకు కొత్తగా షుగర్ వచ్చే అవకాశం 34 శాతం ఎక్కువని తేలింది. ఐదేళ్లు వాడిన ప్రతి 43 మందిలో ఒకరికి అదనంగా షుగర్ అన్నమాట. యూరిక్ యాసిడ్ పెరిగి గౌట్ అనే కీళ్ల వాపు రేగడం, లివర్ దెబ్బతినడం దీనికి తోడు. నెమ్మదిగా విడుదలయ్యే కొన్ని రకాల్లో మంట తక్కువ ఉంటుంది గానీ, లివర్‌కి ముప్పు ఎక్కువ. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లు ఎంచుకునేది మాత్రం మంట తక్కువ అన్న రకాన్నే.

ఎప్పుడో రాసిన చీటీ ప్రకారం నియాసిన్ ఇంకా వాడుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే, ఇది చదివి మాత్రలు చెత్తబుట్టలో వేయకండి, డాక్టర్‌ని అడగండి. లైపోప్రోటీన్ ‘ఎ’ అనే వంశపారంపర్య కొవ్వును తగ్గించే కొద్ది మందుల్లో ఇదొకటి కావడం వల్ల కొందరికి రాసి ఉండొచ్చు. దాన్ని తగ్గిస్తే గుండెకు మేలన్నది నియాసిన్ విషయంలో రుజువు కాలేదు.

2024 ఫిబ్రవరిలో క్లీవ్‌లాండ్ క్లినిక్ నుంచి ఒక అధ్యయనం వచ్చి కొత్త గాలిదుమారం లేపింది. ఒంట్లో ఎక్కువైన నియాసిన్ విరిగి 2-పీవై, 4-పీవై అనే రెండు పదార్థాలుగా బయటికి పోతుంది. రక్తంలో ఇవి ఎక్కువ ఉన్నవాళ్లకు గుండె జబ్బులు ఎక్కువగా వస్తున్నాయని, 4-పీవై ఎలుకల రక్తనాళాల్లో వాపును రేపుతోందని అందులో ఉంది. మరుసటి రోజుకే నియాసిన్ విషం అన్న వీడియోలు మొదలయ్యాయి. తొందరపడక్కర్లేదు. ఇది సంబంధాన్ని చూపిన అధ్యయనం, కారణాన్ని రుజువు చేసింది కాదు. పల్లీ చట్నీ మానేయమని ఎవరూ చెప్పలేదు. అయితే హెచ్‌డీఎల్ పెరిగినా లాభం ఎందుకు రాలేదన్న పాత ప్రశ్నకు ఇది ఒక సాధ్యమైన జవాబు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుందేమో.

ఇక మూడో అవతారం: ఎన్‌ఎంఎన్, నికోటినమైడ్ రైబోసైడ్. రెండూ బీ3 కుటుంబానివే, ఒంట్లో ఎన్‌ఏడీగా మారేవి. వయసుతో కణాల్లో ఎన్‌ఏడీ తగ్గుతుంది, దాన్ని పెంచితే ముసలితనం వెనక్కి పోతుందన్నది వాదన. ఎలుకల్లో ఫలితాలు ఆకర్షణీయంగానే ఉన్నాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి చప్పబడ్డాయి. ఋతుక్రమం ఆగిపోయిన, షుగర్ గడపలో ఉన్న 25 మంది మహిళలపై 2021లో అచ్చయిన ట్రయల్‌లో ఎన్‌ఎంఎన్ కండరాల్లో ఇన్సులిన్ పనితీరును మెరుగుపరిచింది. ఊబకాయం ఉన్న మగవాళ్లకు రోజుకు రెండు గ్రాముల నికోటినమైడ్ రైబోసైడ్ 12 వారాలు ఇస్తే ఇన్సులిన్ పనితీరులో ఏ మార్పూ లేదని 2018లో వచ్చింది. 25 మంది మీద తేలిన దాని కోసం నెలకు వేలు పోసే ముందు, ఎయిమ్-హై గురించి ఒకసారి ఆలోచించాలి. అక్కడ 3,414 మంది రిపోర్టుల్లో అంకెలు ఎంత అందంగా మారాయో చూశాం.

ఇన్నాళ్ల పరిశోధనలో నికోటినమైడ్ చేసిన ఒక మేలు మాత్రం చెన్నై నడిబొడ్డున ఉంది. క్షయ క్రిములపై దానికి కాస్త ప్రభావం ఉందని 1945లో ఫ్రాన్స్‌లో గమనించారు. ఆ అణువును పోలిన వాటిని వెతుకుతూ పోయే దారిలోనే 1952లో ఐసోనియాజిడ్, పైరజినమైడ్ బయటపడ్డాయి. చేట్‌పేట్‌లోని క్షయ పరిశోధన కేంద్రం ఐసోనియాజిడ్‌తో కూడిన చికిత్స శానిటోరియంలో ఎంత బాగా పనిచేస్తుందో, ఇరుకు ఇళ్లలో ఉండి మింగినా అంతే బాగా పనిచేస్తుందని 1959లో ప్రపంచానికి చూపించింది. అదే ఐసోనియాజిడ్ ఒంట్లో బీ6ను అడ్డుకుంటుంది. బీ6 లేకపోతే ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారీ ఆగుతుంది. అందుకే టీబీ మందులతో పాటు బీ6 మాత్ర ఇస్తారు. అది చిన్న మాత్రే కదా అని మానేసేవాళ్లు, సరిగా తినలేనివాళ్లు, తాగుడు అలవాటున్నవాళ్లు, ఈ నగరంలో నియాసిన్ నిజంగా అవసరమయ్యేది వీళ్లకే. మెడ చుట్టూ, చేతుల మీద నల్లగా కమిలినట్టు కనబడితే ఎండ దెబ్బ అనుకుని క్రీము రాసుకుంటారు. పెల్లాగ్రా అని తెలిస్తే వైద్యం ఖరీదైనది కాదు: మంట పుట్టించని నికోటినమైడ్, రోజుకు 300 మిల్లీగ్రాములు, మూడు నాలుగు వారాలు. చర్మం మానడానికి అన్ని వారాలూ పడుతుంది గానీ, నాలుక మంట, విరేచనాలు కొద్ది రోజుల్లోనే తగ్గుతాయి.